కొత్త ఫ్లాట్‌లో చెక్కపనికి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: తిరుపతిలో తిరుచానూరు రోడ్డు వైపు 1,150 చదరపు అడుగుల రెండు పడక గదుల ఫ్లాట్ కొన్నాము. గృహరుణం 42 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు. నెలకు 36,450 రూపాయల వాయిదా మొదలైంది. నేను ఉపాధ్యాయురాలిని, మా వారు రేణిగుంటలో ప్రైవేటు ఉద్యోగి. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 98,000 వస్తాయి. ఇంటిఖర్చు 28,000, అద్దె 13,000, చీటీకి 20,000 పోతాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్ 4 లక్షలు, పొదుపు ఖాతాలో లక్షన్నర ఉన్నాయి. ఇంటీరియర్ సంస్థ 9.8 లక్షలకు కొటేషన్ ఇచ్చి, సగం అడ్వాన్సు అడుగుతోంది. తక్కువ పడే సొమ్ముకు పర్సనల్ లోన్ తీసుకోవాలా, బ్యాంకు వారు గృహరుణం మీద అదనంగా ఇస్తామంటున్న టాపప్ రుణం తీసుకోవాలా, నగలు కుదువ పెట్టాలా?

జవాబు: మీరు పంపిన కొటేషన్ చివరి పేజీలో, సంతకం చేసే గడికి పైన, ‘పన్నులు అదనం’ అని చిన్న అక్షరాలతో ఉంది. 18 శాతం జీఎస్టీ కలిపితే 9.8 లక్షలు కాస్తా 11,56,400 అవుతుంది. అంటే మీ దగ్గరున్న ఐదున్నర లక్షలూ ఊడ్చి ఇచ్చేసినా ఇంకో ఆరు లక్షలు కావాలి. 13 శాతం వడ్డీకి ఐదేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే నెలకు సుమారు 13,650 కట్టాలి. అద్దె తప్పి, మెయింటెనెన్స్‌కు 3,000 పోయాక మీకు నెలకు మిగిలేది 10,550 మాత్రమే కనుక ఆ దారి మూసుకుపోయినట్టే.

టాపప్ రుణం వాయిదా తేలికగా కనిపిస్తుంది. ఆరు లక్షలకు 9 శాతం చొప్పున 20 ఏళ్లకు నెలకు 5,400 చాలు. కానీ మొత్తం కట్టేది దాదాపు 13 లక్షలు, పైగా పది పన్నెండేళ్లకు లామినేట్ లేచిపోయి తలుపులు మార్చుకునే రోజు వచ్చినా పాత తలుపుల అప్పు ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఈ రుణం వడ్డీకి పన్ను మినహాయింపు ఉంటుందని బ్యాంకు ప్రతినిధి చెప్పారని రాశారు. పాత పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటికి వడ్డీ మినహాయింపు ఒక్కో యజమానికి ఏడాదికి 2 లక్షలకు మించదు. మీ గృహరుణానికి మొదటి ఏడాది వడ్డీయే మూడున్నర లక్షలు దాటుతుంది కాబట్టి, ఫ్లాటూ రుణమూ ఒక్కరి పేరునే ఉంటే ఆ గిన్నె ఎప్పుడో నిండిపోయింది, ఇద్దరి పేరునా ఉన్నా దాదాపు నిండినట్టే. కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటికి ఆ మినహాయింపే లేదు. నగల జోలికి ఈ పని కోసం వెళ్లవద్దు. అవి ఆసుపత్రి ఖర్చు లాంటి అవసరానికి ఉండనివ్వండి.

మీరు ఒక్క మాటలో దాటేసిన చీటీలోనే నాకు దారి కనిపించింది. మీరు పంపిన వివరాల ప్రకారం అది రిజిస్టరైన 5 లక్షల చీటీ, 25 నెలల్లో 14 అయిపోయాయి, పోయిన నెల పాట 60,000 తగ్గింపుకు పోయింది. వచ్చే నెల మీరు అదే ధరకు పాడుకుంటే 4,40,000 చేతికి వస్తుంది. చివరి నెల దాకా ఆగితే 5 శాతం కమీషన్ పోను 4,75,000 వస్తుంది. అంటే పది నెలల ముందుగా తీసుకున్నందుకు మీరు వదులుకునేది 35,000. ఏడాది లెక్కన తొమ్మిదిన్నర శాతం దగ్గర పడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ 20,000 మీరు ఇప్పటికే కడుతున్నదే కనుక కొత్త వాయిదా ఏదీ నెత్తిన పడదు. పాట మరీ పోటీగా సాగి తగ్గింపు 80,000 దాటేటట్లుంటే మాత్రం ఆ నెల వదిలేసి తరువాతి నెల చూడండి. పాడుకున్నవారిని జీతం స్లిప్పులతో ష్యూరిటీలు అడుగుతారు. మీతో పనిచేసే ఇద్దరు ఉపాధ్యాయులతో పాటకు ముందే మాట్లాడి ఉంచండి.

డిపాజిట్‌లో 3 లక్షలు కదిలించవద్దు. మీ వాయిదా, ఇంటిఖర్చు, చీటీ కలిపి మూడు నెలలకు కొంచెం పైగా సరిపోయే సొమ్ము అది, ప్రైవేటు ఉద్యోగం ఉన్న ఇంట్లో అంతకన్నా తక్కువ ఉండకూడదు. మిగిలిన రెండున్నర లక్షలకు చీటీ డబ్బు కలిపితే 6.9 లక్షలు. ఇప్పుడు చేయించవలసినవి వంటగది (2.6 లక్షలు), మీ పడక గది వార్డ్‌రోబ్ (1.6 లక్షలు), పూజగది (45 వేలు), పన్నుతో కలిపి 5,48,700. మిగిలేది గృహప్రవేశానికి, ఫ్యాన్లకు, గీజర్‌కు, దోమల మెష్‌కు సరిపోతుంది.

దర్శనానికి నెలకొకసారైనా చుట్టాలు వస్తారని, అందుకే రెండో గదికి మంచాలు, వార్డ్‌రోబ్, హాలులో క్రాకరీ యూనిట్ పెట్టుకున్నామని రాశారు. తిరుపతిలో ఇల్లున్న ఎవరికైనా ఈ ముచ్చట తెలిసిందే. అయితే రాత్రి పదింటికి బస్సు దిగి, తెల్లవారకముందే కొండకు బయలుదేరే చుట్టానికి కావలసింది వేడినీళ్లు, శుభ్రమైన స్నానాలగది, రెండు పరుపులు. మీ పెళ్లినాటి ఇనుప బీరువా ఆ గదిలో మరో రెండేళ్లు హాయిగా ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ ఇప్పుడు వద్దు. దానికి కావలసిన వైరింగ్ పాయింట్లు మాత్రం పెయింటింగ్‌కు ముందే వేయించుకోండి, తరువాత గోడ కొట్టడం దండగ.

రెండో గది వార్డ్‌రోబ్ ఆపమనడానికి ఇంకో కారణం ఉంది. మీ ప్లాను ప్రకారం అది స్నానాలగది గోడకు ఆనుకుని వస్తుంది. నా సొంత ఫ్లాట్‌లో అలాంటి గోడకే, తాళాలు తీసుకున్న నెలలోనే, వార్డ్‌రోబ్ బిగించాను. ఏడాది తిరిగేసరికి కింది అర ఉబ్బి తలుపు పడటం మానేసింది. ఆచారిని పిలిచి వెనక పలక ఊడదీయిస్తే గోడంతా నల్లటి చెమ్మ, చీరల అంచులకు బూజు. చెక్క కొట్టినప్పుడు పైపు దెబ్బతిన్నదని బిల్డరు వాదించాడు, కాదని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం స్వాధీనం అయిన ఐదేళ్లలోపు కట్టడంలోనో పనితనంలోనో లోపం కనిపించి తెలియజేస్తే 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. ఆ హక్కు వాడుకోవాలంటే ముందు గోడ కంటికి కనిపించాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, 2021 నవంబరు వరదలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ గోడను ఒక్క వానాకాలం ఖాళీగా వదలండి.

కొటేషన్‌లో ‘వాటర్‌ప్రూఫ్ ప్లై’ అని మాత్రమే ఉంది. సింకు కింది అరలకు ఐఎస్ 710 (నీటిని బాగా తట్టుకునే మెరైన్ ప్లై) గ్రేడు అని రాయించుకుని, సరుకు దిగిన రోజు పలకల మీద ముద్ర చూడండి. కొలత ఎలా తీస్తారో కూడా అడగండి. ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు వార్డ్‌రోబ్ ముందు వైపు కొలతలో 49 చదరపు అడుగులు. లోపలి అరలు, పక్కలు కూడా లెక్కేస్తే అదే వార్డ్‌రోబ్‌కు బిల్లు రెట్టింపు దాటవచ్చు.

సగం అడ్వాన్సు ఇవ్వవద్దు. పది శాతంతో ఒప్పందం చేసుకుని, సరుకు ఇంటికి చేరినప్పుడు నలభై, బిగింపు సగమయ్యాక ముప్ఫై, పని పూర్తయ్యాక పది ఇచ్చి, చివరి పది శాతం తలుపులన్నీ నెల రోజులు వాడి చూశాక ఇవ్వండి. ఒప్పుకోకపోతే ఇంకో ఇద్దరి దగ్గర ధర అడగడానికి మీకు సమయముంది. ఎందుకంటే ముహూర్తానికి పాలు పొంగించుకోవడానికి ఒక పొయ్యి చాలు, చెక్కపని పూర్తయి ఉండనక్కరలేదు. గృహప్రవేశం చేసుకుని మరో రెండు నెలలు అద్దె ఇంట్లోనే ఉంటే అయ్యేది 26,000. బిల్లులన్నీ పన్ను సంఖ్యతో తీసుకుని దాచండి. రేపెప్పుడైనా ఫ్లాట్ అమ్మితే గోడకు బిగించిన పనుల ఖర్చును మూలధన లాభంలోంచి తగ్గించమని అడగడానికి అవే ఆధారం, మంచాలకు సోఫాలకు ఆ వీలు లేదు.

చీటీ ముగిశాక నెలకు 20,000 మీ చేతిలో ఉంటుంది. ఆ సొమ్మును రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ వెళితే, స్నానాలగది గోడ పొడిగా ఉందని తేలే సరికి రెండో గది వార్డ్‌రోబ్‌కు కావలసినది అప్పు లేకుండానే సమకూరుతుంది.