నాన్నే అగ్గిపుల్ల గీస్తే?

ప్రశ్న: కార్చిచ్చులో తప్పిపోయిన ఎనిమిదేళ్ల కూతురి కోసం తండ్రి వెతికే థ్రిల్లర్ నవల రాస్తున్నాను. క్లైమాక్స్‌లో పాపను భుజాన వేసుకుని, మంటలకు అందకుండా గడ్డికొండ ఎక్కేస్తాడు. మా ఆవిడ మాత్రం నమ్మబుద్ధి కావడం లేదంటోంది. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు: ఆవిడ మాట వినండి. ఎత్తు ఎక్కుతుంటే మనకు ఆయాసం, మంటకు హుషారు. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని అంచనా. మంట కొండవైపు వంగి, పైనున్న గడ్డిని ముందే వేడెక్కించి ఎండబెట్టేస్తుంది. పిల్లను మోస్తూ దాంతో పందెమా!

1949 ఆగస్టులో అమెరికాలోని మోంటానా రాష్ట్రం, మాన్ గల్చ్ లోయలో మంటలార్పే సిబ్బందిని ఇలాగే కార్చిచ్చు తరిమింది. వాళ్ల నాయకుడు వాగ్నర్ డాడ్జ్ ఆగి, తన ముందున్న గడ్డికి తనే నిప్పు పెట్టాడు. అది కాలిపోగానే, తడిపిన రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని బూడిదలో బోర్లా పడుకున్నాడు. తగలబడటానికి ఏమీ మిగలక అసలు మంట ఆయన్ను వదిలేసి పక్కల నుంచి సాగిపోయింది. రమ్మని పిలిచినా మిగతావాళ్లు ఆగలేదు. 13 మంది చనిపోయారు.

మీ క్లైమాక్స్ ఇక్కడుందండీ. నిప్పు ముట్టుకోవద్దని రోజూ చెప్పే నాన్నే అగ్గిపుల్ల గీసి, ఆ పొగలు కక్కే నేల మీద పడుకోమంటే పాప ఏం చేస్తుంది? చెయ్యి విడిపించుకుని పారిపోదూ? ఆ గింజులాట రాయండి, టెన్షన్ దానంతటదే వస్తుంది. అయితే ఇది గడ్డినేలలోనే పనికొచ్చే ఉపాయం. దట్టమైన చెట్ల మధ్య చేయించకండి.

వెతికే సీన్‌లో నాన్న పేరుపెట్టి అరిస్తే పాప వెంటనే పలికేస్తోంది. అంత తేలిక కాదు. పెద్ద మంట హోరులో పక్కనున్నవాడి మాటే వినపడదు. పైగా భయపడిన పిల్లలు ఎక్కడో దూరి, పిలిచినా ఉలకరు పలకరు. బండ సందుల్లోకి, తూముల్లోకి వంగి చూడనివ్వండి.

అన్నట్టు, పాపకు నైలాన్ జాకెట్ తొడిగారు. ఆ వేడికి అది కరిగి ఒంటికి అంటుకుపోతుంది. మొదటి అధ్యాయంలోనే నూలు చొక్కా వేసేయండి.