దేవుడు ఏర్పరచుకున్న జనం అంటే యూదుల లెక్కలో పుట్టుకతో గొప్పవాళ్ళనా?

మీ ప్రశ్న: యూదులు తమను దేవుడు ఏర్పరచుకున్న జనం అంటారు కదా, అది మన కులం పట్టింపులాంటిదేనా?

పుట్టుక లెక్కలోకి వస్తుంది. సంప్రదాయం ప్రకారం తల్లి యూదురాలైతే బిడ్డ యూదుడే. కానీ అక్కడితో అయిపోదు. మన బైబిళ్ళలో 'పరిశుద్ధం' అని రాసిన హీబ్రూ మాట 'కదోష్'. మనకు మడి గుర్తొస్తుంది గానీ, అందులో ఎక్కువ పాలు 'వేరుగా పెట్టినది' అన్న అర్థమే. నిర్గమకాండం 19:5లో ఆ ఏర్పాటుకు షరతు ఉంది: నా నిబంధన పాటిస్తేనే. ఆమోసు 3:2 ఇంకా ఘాటు: మిమ్మల్నే ఎరిగాను, కాబట్టి మీ తప్పులకు మిమ్మల్నే శిక్షిస్తాను.

ఇదంతా ఆచారంలో చూడాలంటే శబ్బాత్ (యూదుల వారపు విశ్రాంతి దినం) ముగిశాక శనివారం రాత్రి చేసే హవ్దాలా చూడండి. ఆ మాటకు అర్థమే వేరుచేయడం. మూడు నక్షత్రాలు కనబడ్డాక మొదలుపెడతారు. వరస: ద్రాక్షరసం, సుగంధద్రవ్యాలు, దీపం, చివర్న అసలు దీవెన. గిన్నెలో కనీసం 86 మిల్లీలీటర్లు పట్టాలి, ఇంకో లెక్కలో 150. వాసనకు లవంగాలు చాలు. కొవ్వొత్తికి ఒకే వత్తి ఉంటే పద్ధతి కాదు, రెండు మూడు కలిసి మండాలి; లేకపోతే రెండు అగ్గిపుల్లలు కలిపి పట్టుకుంటారు. కొత్తవాళ్ళు పొరబడేది ఇక్కడే: మంటను ఊరికే చూడటం కాదు, ఆ వెలుగును వాడుకోవాలి. అందుకే వేళ్ళు మడిచి గోళ్ళ మీద పడే వెలుగు చూస్తారు. శనివారం రాత్రి కుదరకపోతే మంగళవారం సూర్యాస్తమయం దాకా చెప్పొచ్చు, అప్పుడు దీపం, సుగంధం ఉండవు.

ఆ చివరి దీవెన పవిత్రానికీ మామూలుకీ, వెలుగుకీ చీకటికీ, ఇశ్రాయేలుకీ ఇతర జనాలకీ, ఏడో రోజుకీ ఆరు పనిదినాలకీ మధ్య వేరుచేసిన దేవుణ్ణి కీర్తిస్తుంది. ఇది వింటే 'మిగతావాళ్ళు చీకటా?' అనిపించడం సహజం. అయితే శబ్బాత్ ముగుస్తూనే పండగ మొదలయ్యే రాత్రి ముగింపు మారుతుంది: 'పవిత్రానికీ పవిత్రానికీ మధ్య'. వేరుచేసిన ప్రతిచోటా ఒకటి తక్కువ కానక్కర్లేదని నాకు ఇందులోనే బాగా కనబడుతుంది.

పండితులు మాత్రం ఒక్కమాట మీద లేరు. 12వ శతాబ్దంలో యెహూదా హలేవీ, ఆదాము నుంచి యాకోబు సంతానం దాకా వచ్చిన దైవిక శక్తి ఒకటుందనీ, బయటినుంచి వచ్చినవాళ్ళు పూర్తిగా సమానం కారనీ అన్నాడు. మైమోనిడీస్ (1138–1204) మతం మారిన ఓబద్యాకు రాసిన ఉత్తరంలో దీనికి ఎదురు చెప్పాడు: 'మా పితరుల దేవా' అని నువ్వూ అనాలి, అబ్రాహాము నీకూ తండ్రే. నా మొగ్గు మైమోనిడీస్ వైపే, ఎందుకంటే తలుపు నిజంగా తెరిచే ఉంది. యూదుమతంలోకి రావాలంటే కావాల్సినవి: ముగ్గురు సభ్యుల న్యాయసభ, ఆజ్ఞలు ఒప్పుకోవడం, మగవాళ్ళకు సున్నతి, మిక్వే అనే శుద్ధి కొలనులో మునక. ఆ కొలనులో సుమారు 330 లీటర్లైనా ఉండాలి. వాననీరో ఊటనీరో కావాలి, బిందెలతో తోడిపోసింది పనికిరాదు. బిగుతు ఉంగరం ఒంటికి నీరు తగలనీయకపోతే మునక చెల్లదు, మళ్ళీ మునగాల్సిందే.

అయినా ఒకటి రెండు తేడాలు మిగిలే ఉంటాయి: ఆర్థడాక్స్ (సంప్రదాయ నిష్ఠ గల) యూదుల పద్ధతిలో యాజక వంశపు కోహెన్, మతం మారి వచ్చిన స్త్రీని పెళ్ళాడకూడదు.