జాన్ డౌలాండ్ ఇంగ్లండ్ వాడు కదా, మరి డెన్మార్క్ రాజు కొలువులో ఎందుకు పనిచేశాడు?

సొంత దేశపు రాజాస్థానంలో ఉద్యోగం దొరకలేదు, డెన్మార్క్ రాజు మంచి జీతం ఇచ్చాడు, అందుకే.

డౌలాండ్ (1563–1626) ల్యూట్ వాద్యకారుడు, స్వరకర్త. ల్యూట్ అంటే వీపు బేరిపండులా ఉబ్బెత్తుగా ఉండే తంత్రీవాద్యం. 1594లో ఎలిజబెత్ రాణి ఆస్థానంలో ఒక ల్యూట్ వాద్యకారుడి స్థానం ఖాళీ అయింది. డౌలాండ్ ప్రయత్నించాడు, రాలేదు. దాంతో జర్మనీ, ఇటలీ తిరిగాడు. 1598లో డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ ఏడాదికి 500 డాలర్ల (డెన్మార్క్ వెండి నాణేలు, అమెరికా డాలర్లు కావు) జీతంతో పిలిచాడు. ఆ ఆస్థానంలో అది చాలా పెద్ద జీతం. 1606లో అక్కడ ఉద్యోగం పోయింది.

అప్పటి ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ రాజ్యం. డౌలాండ్ కాథలిక్ కాబట్టే అక్కడ తిరస్కరించారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ మాట మొదట అన్నది డౌలాండే. ఫ్రాన్స్‌లో ఉన్నప్పుడు కాథలిక్ మతం తీసుకున్నానని, అదే అడ్డొచ్చిందని 1595లో రాణి మంత్రి రాబర్ట్ సెసిల్‌కు జాబు రాశాడు. కానీ మతం ఒక్కటే కారణమంటే నమ్మడం కష్టం. ఉదాహరణకు స్వరకర్త విలియం బర్డ్ పేరున్న కాథలిక్కే, అయినా రాణిగారి చాపెల్ (ఆస్థాన ప్రార్థనా మందిరం) సంగీతకారుల్లో కొనసాగాడు. పైగా డౌలాండ్ అడిగిన ఆ ఖాళీని వెంటనే ఎవరికీ ఇవ్వలేదు. ఖర్చు విషయంలో ఎలిజబెత్ చెయ్యి బిగువు మరి!

చివరికి 1612లో, జేమ్స్ రాజు కాలంలో, కోరుకున్న కొలువు దక్కింది. అప్పటికి ఆయనకు యాభై దగ్గర పడుతోంది.