చిట్టెలుకలకు అమిఫాస్టిన్: సూది ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి?

మీరు ఒంగోలులో ఎం.ఫార్మసీ చేస్తూ, గామా కిరణాలిచ్చే కోబాల్ట్ యంత్రం కోసం చిట్టెలుకల్ని నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నారు. కిరణాల దెబ్బ నుంచి కణాల్ని కాపాడే మందు అమిఫాస్టిన్‌ను బయల్దేరే ముందే వేయొచ్చా అని అడిగారు.

వేయొద్దండీ. రెండు గంటల పైచిలుకు దారి అది. దిగేసరికి మందు పని చాలావరకు అయిపోయి ఉంటుంది. గామా కిరణం తగలగానే కణంలోని నీరు విడిపోయి హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన రసాయన ముక్క పుడుతుంది, నానోసెకన్లలో డీఎన్ఏని దెబ్బతీస్తుంది. ఆ క్షణానికి మందు కణంలో ఉండాలి. 1949లో సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో తేలిందీ ఇదే: ఎక్స్‌రేకి ముందు ఇచ్చిన ఎలుకలు ఎక్కువగా బతికాయి, తర్వాత ఇస్తే ఫలితం లేదు.

అమిఫాస్టిన్ నేరుగా పనిచేయదు. ఒంట్లోని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ దాని ఫాస్ఫేట్‌ను తెంచితేనే, కణాల్ని కాపాడే థయాల్ (గంధకమున్న రూపం) బయటికొస్తుంది. అందుకని యంత్రం పక్కనే, కిరణాలకు 30 నిమిషాల ముందు ఐ.పి. సూది (పొట్ట కుహరంలోకి) వేయండి. నోటి ద్వారా ఇస్తే కడుపులోని ఆమ్లానికే విరిగిపోతుంది.

500 మి.గ్రా. వయల్‌లో 9.7 మి.లీ. సెలైన్ కలిపితే మి.లీ.కి 50 మి.గ్రా. వస్తుంది. అందులో 2 మి.లీ.కి 3 మి.లీ. సెలైన్ చేర్చితే మి.లీ.కి 20 మి.గ్రా. అవుతుంది. కిలో బరువుకి 200 మి.గ్రా. లెక్కన 25 గ్రాముల చిట్టెలుకకు 0.25 మి.లీ. చాలు. గది వేడిలో 5 గంటలు దాటిన ద్రావణం పారబోయండి.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే: అన్నిటికీ ఒకేసారి సూదులేసి, విడతలుగా యంత్రం కింద పెడతారు. చివరి విడతకు గంటన్నర దాటిపోతుంది, మందు పనిచేయలేదని రాసేస్తారు. ఏ విడతకు సూది ఆ విడతకే.

ఇంకొకటి, కోబాల్ట్-60 కిరణాల డోసు పూర్తిస్థాయికి చేరేది అర సెంటీమీటరు లోతులో. చిట్టెలుక ఒళ్లే చిన్నది కాబట్టి పెట్టె మీద 5 మి.మీ. పర్‌స్పెక్స్ (గాజులాంటి ప్లాస్టిక్) పలక ఉంచి, ఆసుపత్రి ఫిజిసిస్టు చేత అదే అమరికలో డోసు కొలిపించండి.

సెలైన్ ఒక్కటే, మందు ఒక్కటే, సెలైన్‌తో కిరణాలు, మందుతో కిరణాలు: ఈ నాలుగు గుంపులూ తప్పనిసరి. ఎందుకంటే ఈ మందు బీపీ పడగొడుతుంది, మోతాదు మించితే మందే చంపుతుంది. ప్రయాణపు బెదురు తగ్గడానికి ముందురోజే తీసుకెళ్లి నీడలో ఉంచండి, మన ఎండాకాలంలో అయితే అసలు పెట్టుకోవద్దు. జంతు నైతిక కమిటీ అనుమతిలో ప్రయాణం, ఆసుపత్రి రెండూ రాసి ఉండాలి.

30 రోజులు రోజూ బరువు చూడండి. మూలుగ దెబ్బతిన్నవి ఎక్కువగా 10 నుంచి 20 రోజుల మధ్య పోతాయి. అంతకంటే ముందే చాలా పోతుంటే పేగు దెబ్బతింది, కిరణాల డోసు ఎక్కువైందని అనుమానించండి. బరువు 20 శాతం తగ్గినదాన్ని బాధపడుతూ ఉంచకుండా, కమిటీ ఒప్పుకున్న పద్ధతిలో అక్కడితో ముగించండి.