ఏ అంకె మీద కేసు వేస్తారో ముందు తేల్చుకోండి

ప్రశ్న: మాది ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. 2018లో మా ఊరిని అందులో కలిపారు. అప్పట్లో 225 ఇళ్లు, ఇప్పుడు 480. పంచాయతీ ఉన్నప్పుడు కట్టిన 90 వేల లీటర్ల ట్యాంకు ఒక్కటే మాకు దిక్కు. రోజు విడిచి రోజు ఒకసారి నింపి వదులుతారు. చివరి గల్లీలకు నాలుగు బిందెలు వస్తే గొప్ప. మొన్న ఎండాకాలం మా అమ్మ బోరింగు దగ్గర నుంచి బిందె మోసుకొస్తూ జారిపడింది. తుంటి ఎముక విరిగి ఇప్పటికీ మంచంలోనే ఉంది. నీళ్ల దగ్గర తగాదాలతో అన్నదమ్ముల ఇళ్ల మధ్య మాటలు పోయాయి. 2019 నుంచి ట్యాంకర్లకు పెట్టిన డబ్బుకు లెక్కే లేదు. ఆఫీసులో ఎన్నోసార్లు చెప్పాం, ప్రజావాణిలో కూడా ఇచ్చాం. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ఫోన్‌లో చూశాను. ఇంతమందికి ఇంత ట్యాంకు ఉండి తీరాలని కోర్టు ఒక కనీస ప్రమాణం పెట్టేలా కేసు వేయవచ్చా? మా కాలనీ పక్క నుంచే మిషన్ భగీరథ తాగునీటి పథకం పెద్ద పైపు పోతుంది. దానికే కనెక్షన్ కొట్టుకుందామని మా తమ్ముడి దోస్తులు అంటున్నారు. సగం మంది నల్లాలకు మోటర్లు పెట్టారు. ఏం చేయమంటారు?

జవాబు: కోర్టు ప్రమాణం పెట్టదు. ఎంతమందికి ఎంత ట్యాంకు, ఎంత పైపు అన్నది ఇంజినీర్లు, ప్రభుత్వం నిర్ణయిస్తారు. వాళ్లు నిర్ణయించి, కాగితం మీద పెట్టి, అమలు చేయకపోతే అప్పుడు కోర్టు పట్టుకుంటుంది. కాబట్టి మీ కేసును తేల్చేది ఒకే విషయం: మీ వాడకు మనిషికి ఇన్ని లీటర్లని ఎవరు, ఏ కాగితంలో రాసి సంతకం పెట్టారు? ఆ కాగితం మీ చేతిలో లేదు. ఉందో లేదో కూడా మీరు కనుక్కోలేదు.

ఫోన్‌లో చూసిన 135 పట్టుకుని పోతే మొదటి వాయిదాలోనే దెబ్బ తింటారు. ఎందుకో చెబుతాను. ఆ అంకె కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ మాన్యువల్‌లోది. 1999 నాటి మాన్యువల్ ప్రకారం పైపు నీళ్లతో పాటు భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాలకు, లేదా అది వేయాలని అనుకున్న పట్టణాలకు 135 లీటర్లు. డ్రైనేజీ లేని పట్టణాలకు అదే పుస్తకంలో 70. మీ మున్సిపాలిటీలో భూగర్భ డ్రైనేజీ ఉందా? మీరు రాయలేదు. లేకపోతే అవతలి లాయర్ ఆ పేజీ తీసి ముందు పెడతాడు. పైగా మాన్యువల్ చట్టం కాదు, మార్గదర్శకం. దాన్ని మాత్రమే చూపించి ఆదేశం ఇవ్వమంటే ఇవ్వరు.

అయితే మిషన్ భగీరథ లెక్క వేరు. ఆ పథకం రూపకల్పనలోనే గ్రామాలకు మనిషికి 100, మున్సిపాలిటీలకు 135, కార్పొరేషన్లకు 150 లీటర్లని పెట్టారు. ఇది ప్రభుత్వం తన పథకానికి తాను పెట్టుకున్న అంకె. మీ ఊరు పంచాయతీగా ఉన్నప్పుడు 100 కింద లెక్కేసి ఉంటారు. అప్పటి 225 ఇళ్లకు ఇంటికి నలుగురు చొప్పున 900 మంది, 90 వేల లీటర్లు. ట్యాంకు సైజు సరిగ్గా అంతే ఉంది, గమనించారా? 2018లో ఊరు మున్సిపాలిటీలో కలిసింది, ఇళ్లు రెట్టింపు దాటాయి, ట్యాంకు మాత్రం 900 మంది దగ్గరే ఉండిపోయింది. మీ కేసు ఇక్కడుంది. మీ అమ్మగారు పడిపోవడంలో లేదు, అన్నదమ్ముల తగాదాలో అసలే లేదు.

ఇప్పుడు లెక్క వేయండి. 480 ఇళ్లు, 1,920 మంది. 90 వేల లీటర్లు రెండు రోజులకు ఒకసారి అంటే రోజుకు మనిషికి 23 లీటర్ల చిల్లర. అవతలివాళ్లు 135 ఒప్పుకోకపోయినా 100 అంటారు, కాదంటే 70 అంటారు. చివరికి పల్లెలకు కేంద్ర పథకం జలజీవన్ మిషన్ పెట్టిన 55కు దిగినా 23 సగానికి కూడా రాదు. అందుకే దరఖాస్తులో 135 ఒక్కటే రాయకండి. 'మా వాడకు మంజూరైన పథకంలోని అంకె ఇవ్వండి. అది తేలేలోపు 1999 మాన్యువల్‌లోని 70కి తగ్గకుండా ఇవ్వండి' అని రెండు మెట్లలో అడగండి. 70 లెక్కన మీకు రోజుకు 1,34,400 లీటర్లు రావాలి. 135 లెక్కన 2,59,200. ఈ రెండు అంకెలూ కంఠతా పట్టండి.

ఒక జాగ్రత్త. ట్యాంకు సైజు వేరు, రోజువారీ సరఫరా వేరు. 'ఆ ట్యాంకు మేం రోజుకు మూడుసార్లు నింపుతున్నాం' అని ఒక అఫిడవిట్ వేస్తే మీ 23 లీటర్ల లెక్క గాలికి పోతుంది. పంపుహౌస్ లాగ్‌బుక్ వాళ్ల దగ్గర ఉంటుంది, మీ దగ్గర ఏముంది? 'ఎన్నోసార్లు చెప్పాం' అని రాశారు. చెప్పడం సాక్ష్యం కాదు. ప్రజావాణిలో ఇచ్చిన అర్జీ నంబరు ఏది? రశీదు ఏది? ఆరేడేళ్లుగా నీళ్లకు ఏడుస్తూ ఒక్క కాగితం మీద కూడా రిసీవ్డ్ ముద్ర వేయించుకోలేదంటే ఆ తప్పు మున్సిపాలిటీది కాదు, మీది. ఇకనుంచి ఏ అర్జీ ఇచ్చినా రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఇవ్వనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

సరఫరా కొలిచే పద్ధతి చెబుతాను. నేను వాదించిన ఒక నీళ్ల వివాదంలో మమ్మల్ని నిలబెట్టింది ఒక రిటైర్డ్ టీచరమ్మ రాసిన రెండు వందల పేజీల స్కూలు నోట్‌బుక్. తేదీ, నల్లా వచ్చిన టైము, ఆగిన టైము, ఎన్ని బిందెలు, ఆ రోజు పక్కింటివాళ్ల సంతకం. అంతే. మొదటి బిందె మట్టి నీళ్లని పారబోస్తే అది కూడా రాసింది. అవతలి లాయర్ ఒక్కో పేజీ తిప్పుతూ బతుకమ్మ రోజుల్లో మూడు రోజులు ఖాళీ ఎందుకుందని అడిగాడు. 'అమ్మగారింటికి పోయిన సార్, లేని రోజు ఎట్ల రాస్త?' అంది. ఆ జవాబుతో పుస్తకం మొత్తం నిజమని నమ్మారు. ఒకే పెన్నుతో ఒకే రోజు కూర్చుని నింపిన పుస్తకానికి ఆ బలం రాదు.

మీరూ అలాగే చేయండి. ట్యాంకు దగ్గర రెండిళ్లు, మధ్యలో రెండు, చివరి గల్లీలో రెండు, మొత్తం ఆరు నోట్‌బుక్‌లు, కనీసం రెండు నెలలు. బిందె ఎన్ని లీటర్లదో ముందే కొలిచి మొదటి పేజీలో రాయండి. ఫోన్‌లో వీడియోలు తీస్తే ఆ ఫోన్ అమ్మకండి, మార్చకండి. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జత చేయాలి. వాట్సాప్ గ్రూపులో తిరిగి తిరిగి వచ్చిన వీడియోకు ఆ సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు?

దీనికి ముందు మోటర్లు తీయండి. మున్సిపాలిటీకి ఉన్న అన్నిటికన్నా గట్టి వాదన మీరే తయారు చేసి పెట్టారు. 'సగం కాలనీ నల్లాలకు మోటర్లు పెట్టి లాగుతుంటే చివరి గల్లీకి నీళ్లెలా పోతాయి?' అంటే మీ దగ్గర జవాబు లేదు. ఇది కేసు విషయం మాత్రమే కాదు, ప్రాణం విషయం కూడా. మోటరు లాగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, కారుతున్న జాయింట్ల గుండా పక్కనున్న మురికి కాలువ నీళ్లు లోపలికి పోతాయి. అందరూ మోటర్లు తీసేశామని ఆఫీసుకు లిఖితపూర్వకంగా తెలిపి, ఆ తర్వాత కొలతలు మొదలుపెట్టండి. తీయనివాళ్లు దరఖాస్తు మీద సంతకం పెట్టకూడదు.

ఇక భగీరథ పైపు. ఈ రాత్రికే మీ తమ్ముడిని, దోస్తులను కూర్చోబెట్టి చెప్పండి. ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం, 1984 ప్రకారం నీటి సరఫరాకు వాడే ఆస్తికి నష్టం చేస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా కఠిన జైలు. తాగునీటి సరఫరా తగ్గేలా చేస్తే భారతీయ న్యాయ సంహితలో 326వ సెక్షన్ కింద కూడా ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. వెల్డింగ్ చేసినవాడితో పాటు పక్కన నిలబడి టార్చి పట్టినవాడి పేరూ ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కుతుంది. ఉద్యోగాలకు అప్లై చేసే వయసు పిల్లలు వాళ్లు. ఆ పైపు కింది ఊళ్లలో మీలాంటివాళ్లే నల్లా దగ్గర నిలబడి ఉంటారన్నది కూడా గుర్తుపెట్టుకోండి. నల్లా బిల్లు ఆపాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే అదీ మానుకోండి. బకాయిదారుగా కోర్టుకు పోతే మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. పాత రశీదులు పోతే ఆఫీసు నుంచి చెల్లింపుల వివరాలు తీసుకోండి.

ఇప్పుడు కాగితాలు తెప్పించే పని. సమాచార హక్కు చట్టం కింద మున్సిపల్ కమిషనర్‌కు దరఖాస్తు పెట్టండి. ప్రశ్నలు 'ఎందుకు ఇవ్వడం లేదు' అన్నట్టు ఉండకూడదు, కాగితాల కాపీలు అడగాలి. మీ వాడ పథకం ప్రాజెక్టు రిపోర్టులో జనాభా ఎంత చూపారు, ఏ సంవత్సరం వరకు లెక్క వేశారు, మనిషికి ఎన్ని లీటర్లు, ట్యాంకు సామర్థ్యం ఎంత, గత ఏడాది పంపుహౌస్ లాగ్‌బుక్, వాల్వ్‌లు తిప్పే షెడ్యూలు, పట్టణాల నీటి సరఫరాకు కేంద్రం పెట్టిన అమృత్ 2.0 పథకం ప్రతిపాదనల్లో మీ వార్డు ఉందా. ఇంటి పన్ను అసెస్‌మెంట్లు ఎన్నో కూడా అడగండి, ఇది ముఖ్యం. వాళ్లు 2011 జనాభా లెక్కలు చూపిస్తారు, అప్పటికి మీ కాలనీలో సగం ఇళ్లు లేవు. వాళ్లే పన్ను వేసిన 480 ఇళ్లను కాదనడం వాళ్లకు కష్టం. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు. ఈ తేదీ దాటబెట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ.

కాగితాలు, నోట్‌బుక్‌లు చేతికొచ్చాక హైకోర్టుకు పరిగెత్తకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి శాశ్వత లోక్ అదాలత్‌లో దరఖాస్తు వేయండి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లో ప్రజలకు నీటి సరఫరా అన్నది ప్రజోపయోగ సేవల కిందికి వస్తుంది. కోర్టు ఫీజు ఉండదు. ముందు రాజీకి చూస్తారు, కుదరకపోతే కేసు విని తీర్పు ఇస్తారు. ఆ తీర్పును సివిల్ కోర్టు తీర్పులాగే అమలు చేయించుకోవచ్చు. కోటి రూపాయలకు లోపు విలువ ఉన్న వివాదాలకు ఇది పనికొస్తుంది. ఒక్క షరతు: అదే వివాదం ముందే ఏ కోర్టులోనూ ఉండకూడదు, ఇక్కడ వేశాక అదే విషయంతో ఇంకో కోర్టుకు పోకూడదు. అందుకే ఎవరో ఒకరు ఆవేశంలో ముందే ఎక్కడో పిటిషన్ పడేయకుండా చూసుకోండి.

అక్కడ కోటి రూపాయల కొత్త ట్యాంకు కట్టించమని అడగకండి. రోజుకు కనీసం ఇన్ని లీటర్లు, ట్యాంకు ఎన్నిసార్లు నింపాలి, చివరి గల్లీకి వేరే టైములో వాల్వ్, అది కుదిరేదాకా ట్యాంకర్లు, ఇరుపక్షాల ముందు ఏడు రోజుల కొలత. ఇవి అడిగితే దొరికే అవకాశం ఉంది. 'నిధుల్లేవు' అంటే రత్లాం మున్సిపాలిటీ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు ఆ సాకు చెల్లదని చెప్పింది. తాగునీరు జీవించే హక్కులో భాగమని అదే కోర్టు ఆ తర్వాత చెప్పిన తీర్పులూ ఉన్నాయి, కానీ మీరు వాటితో మొదలుపెట్టకండి. నోట్‌బుక్‌తో మొదలుపెట్టండి. మంజూరైన పథకంలోనే సామర్థ్యం తక్కువ పెట్టారని కాగితాల్లో తేలితే, ఆ లోటు గురించి హైకోర్టులో రిట్ వేయాలా అన్నది అప్పుడు ఆలోచిద్దాం.

చివరగా డబ్బు, గడువు. నీళ్లు సరిగా ఇవ్వకపోవడం ప్రతిరోజూ కొనసాగుతున్న తప్పు కాబట్టి సరఫరా అడిగే మీ హక్కుకు గడువు తీరలేదు. ట్యాంకర్ ఖర్చు మాత్రం అలా కాదు. సాధారణంగా దావా వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్ల ఖర్చే అడగగలరు. అంటే 2019, 2020ల డబ్బు పోయినట్టే. మీరు అర్జీల మీద అర్జీలు ఇచ్చినా గడువు ఆగదు, నేను నోటీసు పంపినా ఆగదు. మీ అమ్మగారి ఆస్పత్రి కాగితాలు భద్రంగా వేరే కవర్లో పెట్టండి. దీంట్లో తగిలిస్తే జారిపడటానికి కారణం ఎవరన్న వాదనలోకి కేసు మళ్లుతుంది, నీళ్ల సంగతి వెనకబడుతుంది. ట్యాంకర్ యజమానికి ఫోన్ చేసి ఈ మూడేళ్ల బిల్లులు, లేదా మీ ఫోన్‌పే చెల్లింపుల స్టేట్‌మెంటు ఈ వారమే తీసుకోండి. ఆలస్యం చేసిన ప్రతి నెలా పాత నెల ఒకటి లెక్కలోంచి జారిపోతుంది.