ఇరవై అంకణాల్లో పనస చెట్టు పట్టదు

చిరంజీవికి,

కథ అందింది. అన్నదమ్ముల మాటలు బాగా కుదిరాయి. ఆ సంగతి చెప్పేశాను కాబట్టి నన్ను రెండు రోజులుగా సతాయిస్తున్నదానికి వస్తాను.

తిరుపతిలో ఇరవై అంకణాల స్థలమని రాశావు. అందులో నాలుగు గదుల ఇల్లు, వెనక దొడ్డి, బావి, పనస చెట్టు. రాసే ముందు అంకణమంటే ఎంతో ఎవరినైనా అడిగావా నాయనా? నెల్లూరులో అంకణం 72 చదరపుటడుగులు, తిరుపతిలో 36. పేరు ఒకటే, కొలత సగం. నెల్లూరు లెక్కన ఇల్లు కట్టి తెచ్చి తిరుపతిలో నిలబెట్టావు.

ఆ 36ని ఒంటితో కొలిచి చూడు. రెండు చేతులూ చాపి నిలబడితే బార. బారంటే నాలుగు మూరలు, ఆరడుగులు. బారెడు పొడుగు, బారెడు వెడల్పు చాప పరిస్తే అది మన అంకణం. అలాంటి చాపలు నిలువున అయిదు, అడ్డంగా నాలుగు వేస్తే 30 అడుగులు, 24 అడుగులు. మొత్తం 720, సెంటున్నర పైచిలుకు. చుట్టూ తొమ్మిదంగుళాల గోడ లేపితే గోడ కిందే 79 చదరపుటడుగులు పోతాయి, అంటే రెండు అంకణాల పైమాటే. లోపల మిగిలేది 641. పన్నెండుకు పద్నాలుగు హాలు, పదికి పది గదులు రెండు, ఎనిమిదికి ఎనిమిది వంటిల్లు. ఇంతకే 432 అయిపోయింది. ఇంకా స్నానాల గది, మెట్లు, లోపలి గోడలు ఉన్నాయి. కార్పొరేషన్ ప్లానుకు చుట్టూ వదలాల్సిన జాగా సంగతి నేనింకా ఎత్తనేలేదు. పనస చెట్టు ఎక్కడ నాటావు?

చెరువు దగ్గర ఇంతకన్నా పెద్ద తప్పు జరిగింది. ఒక్క రాత్రి వానకు ఊరి చెరువులోకి టీఎంసీ నీళ్లు చేరాయన్నావు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. నూరెకరాల చెరువు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పదడుగుల లోతున నిండిందనుకున్నా 4 కోట్ల 36 లక్షలే వస్తుంది. అలాంటివి ఇరవై మూడు చెరువులు నిండాలి. పైగా చెరువు తొట్టిలా ఉండదు, పళ్లెంలా ఉంటుంది. లోతంతా కట్ట దగ్గరే, పైకి పోయేకొద్దీ మోకాటి లోతే. కాబట్టి ఇరవై మూడూ చాలవు. వానను చిన్న కొలత నుంచి లెక్కగట్టు. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు, ఎకరాకైతే 4,047 లీటర్లు. రాత్రంతా 100 మిల్లీమీటర్లు కొట్టినా ఎకరాకు 4 లక్షల లీటర్లు, అందులో కొంత నేల తాగేస్తుంది. నువ్వు చెప్పదలచింది చెరువు నిండిందనే కదా. మొరవ, అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే దారి, పారిందని రాయి, మనవాళ్లందరికీ తెలిసిపోతుంది.

'రెట్టింపు' అనే మాటనూ నువ్వు తేలిగ్గా వాడేస్తావు. శ్రీవారి లడ్డుకు రెట్టింపు లడ్డును పిల్లాడు ఒంటి చేత్తో విసిరాడన్నావు. శ్రీవారి లడ్డు 175 గ్రాములు. అడ్డకొలత రెట్టింపయితే పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపే. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. ఆ లడ్డు 1,400 గ్రాములు తూగుతుంది, నీ కథలో పిల్లాడు ఒంటి చేత్తో విసరలేడు. నీ ఇంకో కథలో చీమ ఏనుగంత అయిందే, అదీ ఇందుకే నడవదు. చీమను వంద రెట్లు పొడుగు చేస్తే బరువు పది లక్షల రెట్లు, కాళ్ల బలం కాలిని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యాన్ని బట్టి వస్తుంది, అది పదివేల రెట్లే. మొదటి అడుగుకే కాళ్లు విరుగుతాయి. పెద్ద జంతువు ఎముక పొడుగుతో పాటు ఇంకా ఎక్కువగా లావెక్కాలని గెలీలియో 1638లోనే బొమ్మ గీసి మరీ చూపించాడు.

అంకెలుంటే కథ ఎండిపోతుందని 720ని కొట్టేసి 'చిన్నపాటి' అని దిద్దే ఎడిటర్లు ఉన్నారు. వాళ్ల మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. చిన్నపాటి అంటే ఎవరికి? అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. 'వేలాది మెట్లు' అంటే ఆ మనిషి ఏ దారిన ఎక్కాడో కూడా నీకు తెలియదన్నమాట. ఈ మధ్య మిలియన్లు, బిలియన్లు తెచ్చి తెలుగు వాక్యంలో పడేయడం ఇంకో జబ్బు. మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు. కోటి అని రాయాల్సిన చోట మిలియన్ రాస్తే పది రెట్లు తగ్గిపోతుంది. సెకన్లలో చూసుకో. పది లక్షల సెకన్లు పదకొండున్నర రోజులు, వంద కోట్ల సెకన్లు 31 ఏళ్ల 8 నెలలు. ఒకటి సెలవుల పాటి కాలం, ఇంకొకటి సగం జీవితం.

చివరి ఘట్టం దగ్గర మాత్రం నాకు కళ్లు చెమర్చాయి. అయితే ఇల్లు పంచుకున్నారని ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు దుఃఖమంతా ఆ నడిమి గోడలో ఉంది. మేస్త్రీ దారం కట్టి తొమ్మిదంగుళాల గోడ లేపితే అన్న వైపు నాలుగున్నర, తమ్ముడి వైపు నాలుగున్నర పోతుంది. చెరి పది అంకణాలు వచ్చినా, బయటి గోడ కూడా పోను ఒక్కొక్కరి ఇంటి లోపలి వెడల్పు 10 అడుగుల పదిన్నర అంగుళాలే. అమ్మ ఆరడుగుల మంచం అడ్డంగా వేస్తే నడవడానికి మిగిలేది 4 అడుగుల పదిన్నర అంగుళాలు. ఆ రాత్రి ఆమె ఏ గోడ వైపు తల పెట్టి పడుకుందో రాసి, ఆ పేజీ ఒక్కటీ నాకు పంపు.

ఆశీస్సులతో,
తిరుపతి నుంచి