తెలుగు, తమిళ పద్ధతులు కలిపి ఒకే పెళ్లి చేయొచ్చా?

మీది తెలుగు, అబ్బాయి వాళ్లు తమిళ అయ్యర్లు, రెండు పద్ధతులూ కలిపి ఒకే పెళ్లి చేయొచ్చా అని అడిగారు. నిక్షేపంగా చేయొచ్చు. మా పెళ్లి అలాగే జరిగింది. మీరు రాసిన లిస్టులో ఊంజల్ (వాళ్ల ఉయ్యాల వేడుక), తలంబ్రాలు అన్నీ ఉన్నాయి కానీ అసలు పేచీ వచ్చే చోటు మాత్రం లేదు.

మనకు సుముహూర్తం అంటే జీలకర్ర-బెల్లం. వాళ్లకు తాళి కట్టడం. ఇది ముందుగా ఎవరికీ తట్టలేదు. మా పంతులుగారు జీలకర్ర-బెల్లం చేతిలో పెడుతుంటే వాళ్ల వాద్యార్ (పురోహితుడు) "ముందు తాళి" అని తొందరపెట్టారు. లగ్నం సుమారు రెండు గంటలు ఉంటుంది కాబట్టి రెండూ అందులోనే కానిచ్చారు.

అసలు టెన్షన్ ముడుల దగ్గర. వాళ్లింట్లో మొదటి ముడి వరుడు వేస్తే, మిగతా రెండూ ఆడపడుచు వేస్తుంది. నేను తల వంచుకుని ఉన్నాను. మా ఆడపడుచు వెనక నుంచి పసుపుతాడు అందుకుంది. మా మేనత్త ఆమె మణికట్టు పట్టేసుకుంది. "మూడు ముళ్లూ పెళ్లికొడుకే వేయాలమ్మా!" గట్టిమేళం మోగిపోతోంది, నా మెడ వెనక ఇద్దరి గాజులూ ఒరుసుకుంటున్నాయి. ఆ పిల్ల చెయ్యి వణకడం నాకు తెలుస్తూనే ఉంది. ఎవరికీ ఏమీ కనబడలేదు, ఎందుకంటే రెండు వైపుల ఫొటోగ్రాఫర్లూ మండపానికి అడ్డంగా నిలబడ్డారు. పెద్దవాళ్లు అక్షింతలు వేసింది కూడా వాళ్ల వీపుల మీదే. ఈ ఫొటోగ్రాఫర్లకి మాత్రం ముందే గట్టిగా చెప్పండి.

దారి చూపింది మా అమ్మ. మనకు పుట్టింటి పుస్తె, అత్తింటి పుస్తె రెండుంటాయి కదా. అదృష్టం కొద్దీ మావి వేర్వేరు తాళ్లకు ఉన్నాయి. పుట్టింటి దానికి మూడు ముళ్లూ ఆయనే వేశారు. అత్తింటి దానికి చివరి రెండు ముళ్లూ మా ఆడపడుచు వేసింది.

చట్టం గురించి భయం వద్దు. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఏ ఒక్కరి ఆచారంతో చేసినా చాలు. కాబట్టి అన్నీ రెండేసిసార్లు చేసి పెళ్లి జంటను అలసటతో చంపకండి. తేదీ విషయంలోనూ జాగ్రత్త. మనకు శ్రావణం వచ్చిందని సంబరపడేసరికి వాళ్లకు పెళ్లిళ్లు చేయని ఆడి మాసం ఇంకా నడుస్తూ ఉండొచ్చు, అది ఆగస్టు మధ్య దాకా పోతుంది.

పంతులుగారినీ వాద్యార్‌నీ నెల ముందే ఒకచోట కూర్చోబెట్టండి. ముళ్లు ఎవరు వేస్తారో మాత్రం ఈ రోజే రెండిళ్లలోనూ అడగండి. ముఖ్యంగా మీ మేనత్తను.